కరెంటు పెట్టిన కాలేయం: వాదన మలుపు తిరిగింది 1993లో

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి కాలేయ కేన్సర్‌కు కరెంటు పెట్టించుకోవడానికి చెన్నై రైలెక్కే కుటుంబాలు మళ్ళీ అదే ప్రశ్న అడుగుతున్నాయి. రేడియేషన్ దెబ్బ తగలకుండా మిగతా కాలేయాన్ని కాపాడే మందు వస్తుందా, లేక యంత్రాన్నే నమ్ముకోవాలా?

యంత్రం వైపు వాదన తెలిసినదే. కాలేయమంతటికీ 30 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) పడితే నూటికి అయిదుగురికి ప్రమాదమని, మూడో వంతుకే పడితే 50 దాకా ఓర్చుకుంటుందని 1991లోనే లెక్క కట్టారు. గురి కుదిరితే చాలన్నారు. కణితి దాటి లోపలికి పోకుండా గురి కుదిర్చే ప్రోటాన్ చికిత్స 2019లో చెన్నైకి వచ్చిందీ ఆ దారినే.

అసలు మలుపు 1993లో ఉందని నా నమ్మకం. ముదిరిన రొమ్ము కేన్సర్‌కు ఎముక మజ్జ మార్పిడి చేయించుకోబోయే స్త్రీల రక్తంలో టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్‌ను అమెరికాలో కొలిచారు. తర్వాత కాలేయమో ఊపిరితిత్తులో దెబ్బతిన్నవారిలో అది చికిత్సకు ముందే ఎక్కువగా ఉంది. వారికి జరిగింది ప్రధానంగా మందుల చికిత్సే. అయినా మోతాదు ఒక్కటే సర్వం కాదని, కణాల మధ్య నడిచే సంకేతాలనూ చూడాలని అప్పుడు తేటపడింది.

రేడియేషన్ తగిలిన కాలేయంలో టీజీఎఫ్-బీటా సంకేతం అందగానే, విటమిన్ ఎ దాచుకుని ఊరకున్న నక్షత్రాకార కణాలు మచ్చలాంటి గట్టి పీచు అల్లడం మొదలుపెడతాయి. చిన్న సిరలు పూడిపోతాయి. రెండు వారాల నుంచి నాలుగు నెలల్లోపు సంగతి బయటపడుతుంది. నేనెరిగిన ఒక పెద్దాయనకు మొదట లుంగీ ముడికి అంచులు అందలేదు. కళ్ళు తెల్లగానే ఉన్నాయి, కామెర్లు లేవు కదా అని ఇంట్లో ధైర్యంగా ఉన్నారు. రక్త పరీక్షలో, కాలేయం దెబ్బతింటే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము మాత్రం మామూలుకు రెట్టింపు దాటింది. అప్పటికి పొట్టలో నీరు తగ్గించే మాత్రలే దిక్కయ్యాయి.

ఎలుకల్లో టీజీఎఫ్-బీటాను అడ్డుకుంటే పీచు తగ్గింది. కాలేయాన్ని కాచే మందు కణితినీ కాస్తుందేమోనని యంత్రం వైపు వారి అభ్యంతరం. రేడియేషన్ నుంచి మామూలు కణాలను కాచే పాత మందు అమిఫాస్టిన్ నాటి నుంచీ ఉన్న భయమే అది. కానీ ముదిరిన కణితి పెరగడానికి టీజీఎఫ్-బీటాయే తోడ్పడుతుంది, కాబట్టి దాన్ని ఆపితే రెండు విధాలా మేలు జరగవచ్చు. తొలి దశలో మాత్రం అదే కణితికి కళ్ళెం. తేలవలసింది ఏ రోగికి, ఏ దశలో అన్నదే.

మన రోగుల్లో చాలామంది హెపటైటిస్ బి వల్లో మద్యం వల్లో అప్పటికే గట్టిపడిన కాలేయంతో వస్తున్నారు. ఆ కాలేయాల్లో నక్షత్రాకార కణాలు కరెంటు పెట్టకముందే మేల్కొని ఉంటాయి. 1991 నాటి లెక్క వారికి సరిపోదు.