రీకాల్ చేయించినా స్టీరింగ్ మళ్లీ ఎందుకు బిగుస్తోంది? అపోహలు - వాస్తవాలు

పాడై వెనక్కొచ్చిన స్టీరింగ్ గేర్లను (చక్రం తిప్పితే ముందు టైర్లను మళ్లించే, మోటారుతో కలిసిన భాగం) విప్పి, ఎందుకు పాడయ్యాయో తేల్చడం నా ఉద్యోగం. మిషిగన్‌లో పదేళ్లకు పైగా ఇదే పని. సంగతి తెలిసిన తెలుగువాళ్లు బండికి ఏదైనా వస్తే ఫోన్ చేస్తుంటారు. లోపం ఉందని కంపెనీయే బళ్లను వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేసేదే రీకాల్. ఈమధ్య ఎక్కువగా వింటున్న మాట: "అన్నా, స్టీరింగ్ రీకాల్ చేయించి ఆరు నెలలు కాలేదు, మళ్లీ అదే మెసేజ్ వచ్చింది." ముచ్చటపడి కొనుక్కున్న పెద్ద ఎస్‌యూవీ, వెనక సీట్లో పిల్లలు. భయం వేయడం సహజం. కానీ ఆ కంగారులో కొన్ని తప్పుడు నమ్మకాలు పట్టుకుని కూర్చుంటే అసలు లోపం దొరకదు. నేను రోజూ చూసేవాటిలోంచి కొన్ని చెబుతాను.

అపోహ: రీకాల్ అయిపోయింది కాబట్టి స్టీరింగ్ మొత్తం బాగైనట్టే.

రీకాల్ కాగితంలో ఫలానా లోపం అని రాసి ఉంటుంది. వర్క్‌షాపువాళ్లు ముట్టుకునేది దాన్నొక్కదాన్నే. డాష్‌బోర్డు మీద "స్టీరింగ్ అసిస్ట్ తగ్గింది" (చక్రం తిప్పడానికి మోటారు ఇచ్చే సాయం తగ్గింది) అని వచ్చే మెసేజ్ మాత్రం సెన్సర్ పోయినా, మోటారు పోయినా, వైరు వదులైనా, బ్యాటరీ నీరసించినా ఒకేలా వస్తుంది.

టెస్లా మోడల్ ఎక్స్ సంగతి చూడండి. 2020 ఫిబ్రవరిలో 2016 నాటి బళ్లు దాదాపు 15,000 వెనక్కి పిలిచారు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే కాల్షియం, మెగ్నీషియం లవణాలు స్టీరింగ్ మోటారును పట్టి ఉంచే అల్యూమినియం బోల్టులను తినేస్తున్నాయి. బోల్టులు మార్చి, పైన సీలర్ పూశారు. 2022 నవంబరులో 2017-2021 మోడల్ ఎస్, ఎక్స్ బళ్లు 40,168 మళ్లీ రీకాల్ అయ్యాయి. ఈసారి బోల్టుల ఊసే లేదు. గతుకుల్లోనో గుంటలోనో పడ్డాక అసిస్ట్ తగ్గిపోవడం, ఒక్కోసారి పూర్తిగా పోవడం సమస్య. దానికి మూలం అంతకుముందు నెలలో పంపిన ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. స్టీరింగ్ తనంతట తాను అనుకోని బలం వేస్తే ఇంకా బాగా పసిగట్టాలని చేసిన ఆ మార్పు, గతుకుల కుదుపును కూడా లోపంగా లెక్కగట్టింది. దాన్ని సరిచేస్తూ మరో అప్‌డేట్ పంపారు. ఒకే మెసేజ్ వెనక ఒకచోట తుప్పు, ఒకచోట లెక్క తప్పిన సాఫ్ట్‌వేర్.

ఇంకో చిక్కు ఉంది. 2014లో ఫోర్డ్ 2011-13 ఎక్స్‌ప్లోరర్ బళ్లు దాదాపు 1.96 లక్షలు రీకాల్ చేసింది. అది లగ్జరీ బండి కాదు గానీ పాఠం అన్ని బళ్లకూ వర్తిస్తుంది. స్టీరింగ్ మాడ్యూల్ (మోటారును నడిపే చిన్న కంప్యూటర్) మెమరీలో సంబంధిత కోడ్, అంటే లోపాన్ని సూచించే గుర్తు, ఉంటే స్టీరింగ్ గేరు మార్చారు, లేకపోతే సాఫ్ట్‌వేర్ మాత్రం వేసి పంపారు. రీకాల్ పేరు ఒకటే అయినా మీ బండికి చేసింది, పక్కింటివాళ్ల బండికి చేసింది వేరు కావచ్చు. అందుకే నాకు ఫోన్ చేసిన ప్రతివాళ్లనూ ముందు ఆ రిపేర్ కాగితం ఫొటో పంపమంటాను. "రీకాల్ పూర్తయింది" అన్న ముక్క చాలదు. ఏ పార్టు మార్చారు, ఏ సాఫ్ట్‌వేర్ వేశారు అన్నది అందులో ఉండాలి. లేకపోతే రాయించుకోండి.

అపోహ: పవర్ స్టీరింగ్ పోతే స్టీరింగ్ చక్రం లాక్ అయిపోతుంది.

ఇప్పుడున్న బళ్లలో దాదాపు అన్నింటిలోనూ మీ చేతి చక్రానికీ ముందు టైర్లకూ మధ్య ఉక్కు కడ్డీ ఉంటుంది. మోటారు చేసేది సాయం. అది ఆగిపోతే చక్రం బరువెక్కుతుంది, తిరగడం మానదు. హైవే వేగంలో ఆ బరువు పెద్దగా తెలియదు, పార్కింగ్‌లో మాత్రం రెండున్నర టన్నుల బండిని తిప్పాలంటే భుజాలు లాగుతాయి. సైబర్‌ట్రక్ లాంటి ఒకటి రెండు బళ్లలో ఆ కడ్డీ ఉండదు, వాటి లెక్క వేరు.

నేను ఎక్కువగా భయపడేది సాయం పోవడానికి కాదు, పోయి ఒక్కసారిగా తిరిగి రావడానికి. 2018 సెప్టెంబరులో జనరల్ మోటార్స్ 2015 మోడల్ పికప్‌లు, పెద్ద ఎస్‌యూవీలు అమెరికాలోనే పది లక్షలకు పైగా రీకాల్ చేసింది, వాటిలో క్యాడిలాక్ ఎస్కలేడ్ కూడా ఉంది. నెమ్మదిగా మలుపు తిప్పుతుండగా అసిస్ట్ క్షణం పాటు పోయి, హఠాత్తుగా వచ్చేది. బిగుసుకున్న చక్రాన్ని బలం కొద్దీ లాగుతున్నప్పుడు మోటారు తోడైతే ఏమవుతుంది? బండి అనుకున్నదానికంటే ఎక్కువ తిరిగిపోతుంది. అప్పటికి 30 ప్రమాదాలు, ఇద్దరికి గాయాలు అయినట్టు కంపెనీ చెప్పింది. మరణాలు లేవు.

కాబట్టి చక్రం బిగుసుకుందనిపిస్తే రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి, కుదుపుగా లాగొద్దు. వేగం తగ్గించి, హజార్డ్ లైట్లు వేసి పక్కకు తీయండి. బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి.

అపోహ: బండి స్టార్ట్ అవుతోంది, కాబట్టి బ్యాటరీ, వైరింగ్ బాగున్నట్టే.

ఎక్కువ స్టీరింగ్ గేర్లు అనవసరంగా మారేది ఈ ఒక్క నమ్మకం వల్ల. పెద్ద బండిని నిలబెట్టి చక్రం చివరిదాకా తిప్పితే స్టీరింగ్ మోటారు 100 ఆంపియర్ల దాకా లాగగలదు. పాత హాలోజన్ హెడ్‌లైట్లు రెండూ కలిపి తీసుకునేది తొమ్మిది, పది ఆంపియర్లు. అంత కరెంటు వెళ్లే దారిలో ఒక్క ఎర్త్ బోల్టు (మైనస్ వైరును బండి బాడీకి కలిపే బోల్టు) దగ్గర తుప్పు చేరి, ఒక ఓములో యాభయ్యో వంతు అడ్డు ఏర్పడినా రెండు వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. మాడ్యూల్‌కు వోల్టేజ్ చాలదు, అసిస్ట్ తగ్గిస్తుంది. మలుపు అయిపోగానే వోల్టేజ్ కోలుకుంటుంది, మెసేజ్ పోతుంది. బండి ఆపి మీటరు పెడితే 12.6 వోల్టులు చూపిస్తుంది, "అంతా బాగుంది" అంటారు.

ఒకసారి ఒకే బండి నుంచి ఏడాదిన్నరలో మూడు గేర్లు నా బల్ల మీదకు వచ్చాయి. మూడింటినీ పరీక్షించాం, మూడూ శుభ్రంగా ఉన్నాయి. మూడోసారికి నాకు నిద్రపట్టలేదు. గేరు వదిలేసి బాడీ ఎర్త్ ఫొటోలు పంపమని వర్క్‌షాపును బతిమాలాను. బోల్టు చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ఉంది. దాన్ని విప్పి, లోహం మెరిసేదాకా గీకి బిగించారు. నాలుగో గేరు రాలేదు. ఆ బండి నడిపే ఆవిడ ఏడాదిన్నర పాటు "నా మాట ఎవరూ నమ్మడం లేదు" అని రాసుకున్న ఫిర్యాదు ఆ ఫైల్లోనే ఉంది.

అందుకే చక్రం తిప్పుతూ, మోటారు కరెంటు లాగుతుండగా వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ (దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో చూసే పరీక్ష) చేయమని అడగండి. బ్యాటరీకీ స్టీరింగ్ మాడ్యూల్‌కూ మధ్య ప్లస్ వైపు, ఎర్త్ వైపు విడివిడిగా చూడాలి.

అపోహ: ఇంజిన్ ఆపి స్టార్ట్ చేస్తే పోయింది, ఇక పట్టించుకోనక్కర్లేదు.

మెసేజ్ పోయినా మాడ్యూల్ మెమరీలో కోడ్ మిగిలి ఉండొచ్చు, చాలా బళ్లలో ఆ క్షణాన వేగం, వోల్టేజ్ ఎంతో కూడా దాస్తుంది. నాలాంటివాళ్లకు అదే ఆధారం. కోడ్‌లు చదివే చవక స్కానర్ కొనుక్కుని వాటిని చెరిపేయకండి. చెరిపి వర్క్‌షాపుకు తీసుకెళ్తే "లోపం కనబడలేదు" అని రాస్తారు. వాళ్లు అబద్ధం రాసినట్టు కాదు, కనబడాల్సింది మీరే తుడిచేశారు.

ఒక మినహాయింపు. ఇరుకు చోట చక్రాన్ని అటు చివరికీ ఇటు చివరికీ పదేపదే తిప్పితే మోటారు వేడెక్కి తనను కాపాడుకోవడానికి సాయం తగ్గిస్తుంది. చల్లబడ్డాక మామూలైతే అది లోపం కాదు.

అపోహ: పవర్ స్టీరింగ్ ఆయిల్ పోయిస్తే సరి. స్టీరింగ్ సాయం పూర్తిగా ఎలక్ట్రిక్ మోటారుదే అయిన బళ్లలో ఆ ఆయిలే ఉండదు.

అపోహ: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కంటితుడుపు.

లోపం మాడ్యూల్ వేసే లెక్కలో ఉంటే సాఫ్ట్‌వేరే అసలైన మందు. పైన చెప్పిన ఎస్కలేడ్ రీకాల్‌లో చేసింది అదే. స్టీరింగ్ గేరు చివర్లను కప్పే రబ్బరు తొడుగు (బూటు) చిరిగి లోపలికి నీరు చేరితే మాత్రం ఏ అప్‌డేటూ పనికిరాదు. పెద్ద ఎస్‌యూవీల్లో చాలావాటిలో మోటారు బెల్టుతో బాల్ నట్‌ను (స్టీరింగ్ కడ్డీని పక్కకు జరిపే, లోపల ఉక్కు గుండ్లున్న నట్టు) తిప్పుతుంది, ఆ నట్‌కు తడి తగిలితే తుప్పు ఖాయం. బండి లిఫ్టు మీద ఉన్నప్పుడు ఆ బూట్లు చూడమనండి.

అపోహ: మనం ఫిర్యాదు చేస్తే ఎవరు పట్టించుకుంటారు?

అమెరికాలో ఉన్నవాళ్లకు గట్టిగా చెబుతున్నాను. రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో 17 అక్షరాల విన్ నంబరు (ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కొడితే మీ బండికి మిగిలిన రీకాల్‌లు కనబడతాయి. బండి మొదట అమ్మిన నాటి నుంచి 15 ఏళ్ల దాకా రీకాల్ రిపేరు ఉచితం. రీకాల్ చేశాక కూడా లోపం తిరగబెడుతోందని ఫిర్యాదులు పోగైతే, ఆ పరిష్కారం సరిపోయిందా లేదా అని కంపెనీని ప్రశ్నించే విచారణ మళ్లీ తెరవొచ్చు. భారతదేశంలో మోటారు వాహనాల చట్టం 110ఏ సెక్షన్ కింద రీకాల్ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, ఏడేళ్లలోపు బళ్లకు వర్తిస్తాయి.

ఫిర్యాదులో "స్టీరింగ్ బాగాలేదు" అని ఊరుకోకండి. తేదీ, వేగం, మలుపు ఎటు, చలి ఎంత, అసిస్ట్ ఎన్ని సెకన్లు పోయింది, ఇంతకుముందు రీకాల్ ఏ రోజు చేయించారు, అప్పుడు ఏం మార్చారు, అన్నీ రాయండి. మెసేజ్ వచ్చినప్పుడు పక్కన కూర్చున్నవాళ్లు డాష్‌బోర్డు వీడియో తీస్తే మరీ మంచిది.