401కె ఖాళీ చేసుకునే రావాలా? అమెరికా నుంచి తిరిగొచ్చేవాళ్ల అపోహలు - వాస్తవాలు

అమెరికా నుంచి తిరిగొచ్చేవాళ్ల పన్నుల లెక్కలు చూడటం నా పని. ఇక్కడ స్కూళ్లు తెరిచేది జూన్‌లో కాబట్టి, వేసవి దగ్గరపడితే చాలు, ఫోన్లు మొదలవుతాయి. మొదటి ప్రశ్న దాదాపు ఒకటే, అక్కడి ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు ఖాతా అయిన 401కె గురించి: "సార్, 401కె మొత్తం తీసేసుకుని వచ్చేయమంటున్నారు, నిజమేనా?" ఎవరన్నారని అడిగితే, వాట్సాప్ గ్రూపులో ఎవరో!

అపోహ: దేశం వదిలితే 401కె డబ్బు పోతుంది. పోకపోయినా ఇండియాలో దానంతటి మీదా పన్ను వేసేస్తారు.

వాస్తవం: పోదు. ఉద్యోగం మానేసినా, వీసా అయిపోయినా, వెస్ట్ అయిన, అంటే మీకు పూర్తి హక్కు వచ్చిన డబ్బు మీదే. అక్కడ ఉండగా సంపాదించిన ఆస్తిని ఇక్కడికొచ్చాక కూడా ఉంచుకోవచ్చని విదేశీ మారకపు చట్టం ఫెమాలోనే ఉంది. బ్యాలెన్స్ 7,000 డాలర్ల లోపు ఉంటే మాత్రం కంపెనీ ప్లాన్ దాన్ని బయటికి పంపేయొచ్చు. అలాంటప్పుడు మీరే ముందుగా ఐఆర్‌ఏలోకి (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) రోలోవర్ చేసుకోండి, అంటే నేరుగా మార్చుకోండి.

భయంతో తీసేస్తే ఏమవుతుందో చూడండి. 59½ ఏళ్లు నిండని మనిషి, ఇంకా జీతం వస్తున్న ఏడాదిలోనే లక్ష డాలర్లు తీశాడనుకుందాం. 24 శాతం స్లాబ్‌లో ఉంటే ఫెడరల్ పన్ను 24,000, పెనాల్టీ 10,000. స్టేట్ ట్యాక్స్ ఉంటే అది వేరే. అసలు దెబ్బ తగిలేది తర్వాత. డబ్బు ఇచ్చేటప్పుడు పట్టుకునేది మామూలుగా 20 శాతమే. చేతికి 80,000 రాగానే పన్ను తీరిపోయిందనుకుంటారు. ఒక జంట అలాగే అనుకుని, వచ్చిందంతా ఫ్లాట్‌కి కట్టేశారు. ఏప్రిల్‌లో రిటర్న్ వేస్తుంటే ఇంకో 14,000 డాలర్లు బాకీ తేలింది. ఆవిడ నా టేబుల్ మీదున్న కాలిక్యులేటర్ తీసుకుని మూడుసార్లు లెక్క వేసుకున్నారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

ఇండియా పన్ను గురించి కూడా అంత టెన్షన్ అక్కర్లేదు. పదేళ్లు బయట ఉండి వచ్చినవాళ్లకు సాధారణంగా రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంటే, కానీ 'ఆర్డినరీ' రెసిడెంట్ కాదు) అనే పన్ను హోదా ఉంటుంది. ఆ కాలంలో అమెరికాలో వచ్చే పెన్షన్, వడ్డీ, డివిడెండ్ లాంటి ఆదాయం మీద ఇక్కడ పన్ను లేదు. తర్వాత కూడా 401కెలో పెరిగినదాని మీద ఏటా కట్టకుండా, డబ్బు తీసే ఏడాదే కట్టేలా ఎంచుకోవచ్చు. అలా ఎంచుకోవడానికి ఉన్న ఫారం గడువులోపు వేయాలి, అంతే.

ఖాతాను ఉంచుకోవడంలో అసలు చిక్కు ఫోన్ నంబర్ దగ్గర వస్తుంది. నేను తిరిగొచ్చినప్పుడు బిల్లు ఎందుకు దండగని అమెరికా నంబర్ రద్దు చేశాను. ఓ రాత్రి లాగిన్ అవబోతే, కోడ్ పంపామంటూ స్క్రీన్ మీద నా పాత నంబర్ చివరి నాలుగంకెలు. ఆ సిమ్ లేదు, నంబర్ నాది కాదు. నోటరీ కాగితాలు, కొరియర్లు, అర్ధరాత్రి కాల్స్‌తో నాలుగు నెలలు గడిచాయి. అందుకే చెబుతున్నాను, తక్కువ ఖర్చు ప్లాన్‌లోకి నంబర్ పోర్ట్ చేసుకోండి. ఇండియా అడ్రస్ పెట్టినా ఖాతా నడుస్తుందా లేదా అన్నది కూడా బయల్దేరకముందే ఆ సంస్థను అడగండి.

మిగతావి క్లుప్తంగా.

"182 రోజులయ్యేదాకా ఎన్‌ఆర్‌ఈ ఖాతా కదిలించక్కర్లేదు" అంటారు, ప్రవాసులు ఇండియా బ్యాంకులో పెట్టుకునే ఖాతా గురించి. తప్పు. ఆ రోజుల లెక్క ఆదాయపు పన్నుది. స్థిరపడటానికి వచ్చిన మనిషి ఫెమా దృష్టిలో రాగానే రెసిడెంట్. బ్యాంకుకు చెప్పి రెసిడెంట్ ఖాతాగానో ఆర్‌ఎఫ్‌సీగానో (తిరిగొచ్చినవాళ్లు విదేశీ కరెన్సీ ఉంచుకునే ఖాతా) మార్పించుకోండి. ప్రవాసులు విదేశీ కరెన్సీలో వేసుకునే ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్లను మాత్రం గడువు తీరేదాకా ఉంచుకోవచ్చు.

అమెరికా ప్రభుత్వ పెన్షన్ అయిన సోషల్ సెక్యూరిటీకి 40 క్రెడిట్లు, అంటే దాదాపు పదేళ్ల పని పూర్తయితే, తిరిగొచ్చినంత మాత్రాన అది రద్దవదు.

గ్రీన్ కార్డు బీరువాలో పెట్టేస్తే అమెరికా పన్ను ఆగదు. ఐ-407 అనే ఫారం వేసి కార్డు వదులుకునేదాకా రిటర్న్‌లు వేయాల్సిందే, ఇక్కడి ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (అమెరికాకు ఇచ్చే విదేశీ ఖాతాల రిపోర్టు) కూడా. గడిచిన 15 ఏళ్లలో 8 ఏళ్లు కార్డు ఉంటే, ఆ ఫారం వేసే ముందే నిపుణులతో మాట్లాడండి.

ఆర్‌ఎన్‌ఓఆర్ అయిపోయాక 401కెని ఇండియా రిటర్న్‌లోని విదేశీ ఆస్తుల పట్టిక షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపించాలి, ఆ ఏడాది అందులోంచి ఒక్క డాలరు తీయకపోయినా సరే. దాస్తే నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల పెనాల్టీ పడొచ్చు.