మెష్ రిఫైన్ చేస్తే గండం గడుస్తుందా? విస్కోఎలాస్టిక్ సిమ్యులేషన్‌లో అపోహలు, వాస్తవాలు

గత నెలలో ఒక పరిశోధక విద్యార్థిని తన కేసు ఫైళ్లు నాకు పంపారు. విస్కోఎలాస్టిక్ ద్రవాలంటే పాలిమర్ ద్రావణాల్లా పారుతూనే రబ్బరులా సాగి వెనక్కి ముడుచుకునేవి. ఛానల్ మధ్యలో సిలిండర్, దాని చుట్టూ ఓల్డ్‌రాయిడ్-బి (అలాంటి ద్రవానికి ఒక గణిత మోడల్) ద్రవం ఉన్న పాత బెంచ్‌మార్క్ సమస్య అది. వైసెన్‌బర్గ్ సంఖ్య (ద్రవంలో సాగే గుణం ప్రభావం ఎంతో చెప్పేది) 0.4 దగ్గర చక్కగా నడిచిన రన్, ఆ సంఖ్య 1 దగ్గర బ్లో అప్ అవుతోంది, అంటే విలువలు అదుపు తప్పి రన్ ఆగిపోతోంది. ఆమె మెష్‌ను (ప్రవాహాన్ని చిన్న చిన్న సెల్స్‌గా విడగొట్టే వలను) మూడుసార్లు రిఫైన్ చేస్తే, అంటే సెల్స్‌ను ఇంకా చిన్నవి చేస్తే, మూడుసార్లూ ఇంకాస్త ముందే బ్లో అప్ అయిందట. "సార్, తప్పు నా కోడ్‌లో ఉందా, నాకే ఈ సబ్జెక్టు రాదా?" అని అడిగారు. రెండూ కావు. ఆమెను అటువైపు నడిపించినది ల్యాబుల్లో సీనియర్లు జూనియర్లకు అప్పగించిపోయే ఒక నమ్మకం.

అపోహ: రన్ డైవర్జ్ అయితే మెష్ రిఫైన్ చేయాలి, టైమ్ స్టెప్ తగ్గించాలి.

వాస్తవం: నీరు, గాలి వంటి న్యూటోనియన్ ప్రవాహాల్లో అక్కరకొచ్చే ఈ అలవాటు ఇక్కడ నెలలకు నెలలు మింగేస్తుంది. పాలిమర్ అణువు ఎంత సాగిందో, ఏ దిశలో సాగిందో చెప్పే కన్ఫార్మేషన్ టెన్సర్ (ఒక సంఖ్యల పట్టిక) ఎప్పుడూ పాజిటివ్ డెఫినిట్‌గా, అంటే ఏ దిశలో చూసినా ధనాత్మకంగా ఉండాలి. అది పొడవు వర్గానికి సంబంధించినది, పొడవు వర్గం ఋణాత్మకం కాజాలదు. సిలిండర్ వెనుక స్టాగ్నేషన్ బిందువు (ప్రవాహం నిలిచిపోయే చోటు) దగ్గర వేగం దాదాపు సున్నా అయినా సాగదీత బలంగానే ఉంటుంది కాబట్టి, అక్కడ స్ట్రెస్ ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతూ పోతుంది, దాన్ని దిగువకు మోసుకుపోయేంత ప్రవాహం ఉండదు. అంత నిటారు పెరుగుదలను సెల్ నుంచి సెల్‌కు బహుపదులతో అంచనా కట్టే పద్ధతి అందుకోలేదు. ఎంత చిన్న సెల్ సరిపోతుందన్నది ఆ చోటి వేగాన్ని సాగదీత రేటుతో భాగిస్తే వచ్చే పొడవును బట్టి ఉంటుంది. బిందువును సమీపించేకొద్దీ వేగంతో పాటు ఆ పొడవూ సున్నాకే పోతుంది. మెష్ రిఫైన్ చేయడమంటే ఆ బిందువుకు మరింత దగ్గరగా మరో సెల్‌ను పెట్టడమే.

విద్యార్థిని పంపిన ఫైళ్లలో బ్లో అప్‌కు నాలుగు వందల టైమ్ స్టెప్‌ల ముందుదాన్ని తెరిచాను. రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడాలు) అప్పటికి ప్రశాంతంగానే ఉన్నాయి, వేల సెల్స్ నిక్షేపంగా ఉన్నాయి. సిలిండర్ వెనుక గోడకు ఆనుకున్న ఒకే ఒక్క సెల్‌లో మాత్రం టెన్సర్ డిటర్మినెంట్ మైనస్‌లోకి దిగింది. పాజిటివ్ డెఫినిట్ గుణం పోయాక సమీకరణాల స్వభావమే మారిపోతుంది గనుక, ఆ తర్వాత టైమ్ స్టెప్‌ను ఎంత తగ్గించినా ప్రయోజనం లేదు.

దీనికి 2004లో పరిశోధకులు రానన్ ఫట్టాల్, రాజ్ కుఫర్‌మాన్ చూపిన దారి, టెన్సర్‌కు బదులు దాని లాగరిథమ్‌ను సాధించడం. ఎక్స్‌పొనెన్షియల్ పెరుగుదల లాగరిథమ్‌లో మామూలు వాలుగా మారుతుంది. తిరిగి టెన్సర్‌గా మార్చినప్పుడు అది పాజిటివ్ డెఫినిట్‌గానే వస్తుంది. ఓపెన్‌ఫోమ్ (ప్రవాహాల సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) వాడేవారికి దాని మీద నడిచే రియోటూల్‌లో ఇది సిద్ధంగా ఉంది.

అయితే లాగ్ పద్ధతిలో రన్ నడిచింది కాబట్టి జవాబు సరైనదేనని అనుకోవడం ఇంకో అపోహ. ఛానల్‌లో సగం వెడల్పును సిలిండర్ ఆక్రమించిన ఈ సమస్యలో, వైసెన్‌బర్గ్ 0.6 దాకా వేర్వేరు బృందాల డ్రాగ్ (సిలిండర్‌ను ద్రవం లాగే బలం) విలువలు చక్కగా కలుస్తాయి. దానికి కాస్త పైన, సిలిండర్ వెనుక వేక్‌లోని (సిలిండర్ దాటాక దిగువన ఉండే ప్రవాహంలోని) స్ట్రెస్ మెష్ మార్చినప్పుడల్లా మారుతూనే ఉంటుంది. పీహెచ్‌డీ రోజుల్లో నేనైతే రన్ నడిస్తే చాలని స్ట్రెస్ సమీకరణానికి కృత్రిమ డిఫ్యూజన్ (నిటారు మార్పులను నునుపు చేసే పదం) కలిపి, ఆరు నెలల పాటు అందమైన రంగుల బొమ్మలు తీశాను. "ఆ డిఫ్యూజన్‌ను సగం చేసి మళ్లీ చూపించు" అని మా గైడ్ అడిగిన రోజున వేక్‌లోని స్ట్రెస్ ఇంచుమించు రెట్టింపైంది, రాసిన పేపర్ బీరువాలోకి వెళ్లింది. అప్పటి నుంచి మూడు మెష్‌ల ఫలితాలు పక్కపక్కన పెట్టనిదే నేను ఏ బొమ్మనూ చూడను.

మిగతా అపోహలకు ఇంత చర్చ అక్కర్లేదు. చిక్కగా ఉన్నదల్లా విస్కోఎలాస్టిక్ కాదు: చక్కెర పాకం తీగ సాగినా న్యూటోనియన్ ద్రవమే, అదే బెండకాయ జిగురును సాగదీసి వదిలితే వెనక్కి ముడుచుకుంటుంది. రేనాల్డ్స్ సంఖ్య (స్నిగ్ధతతో పోలిస్తే జడత్వం ఎంతో చెప్పేది) తక్కువైతే ప్రవాహం నెమ్మదిగా, నిలకడగా ఉంటుందన్నదీ నిజం కాదు. చక్కెర ద్రావణంలో పిసరంత పాలీఅక్రిలమైడ్ అనే పాలిమర్ కలిపితే చాలు, జడత్వం లెక్కలోకి రాని చోట కూడా ప్రవాహం అల్లకల్లోలమవుతుందని గ్రోయిస్‌మన్, స్టైన్‌బర్గ్ 2000లోనే ప్రయోగంతో చూపించారు. ఓల్డ్‌రాయిడ్-బి అన్నిటికీ పనికొస్తుందనేవారు, సాగదీత రేటును రిలాక్సేషన్ కాలంతో (సాగిన అణువు తిరిగి ముడుచుకోవడానికి పట్టే కాలంతో) గుణిస్తే వచ్చే విలువ 0.5 చేరగానే ఆ మోడల్‌లో నిలకడైన సాగదీత స్నిగ్ధత అనంతమవుతుందని మరచిపోతారు. అణువు పొడవుకు హద్దు పెట్టే ఫీన్-పి వంటి మోడల్స్ అందుకే ఉన్నాయి. ఇక సూపర్ కంప్యూటర్ లేనిదే ఈ రంగంలోకి రాకూడదన్నది వట్టి పుకారు. ఈ సిలిండర్ సమస్య ద్విమితీయం, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది.

ఆ విద్యార్థిని తన ల్యాప్‌టాప్ మీదే లాగ్ పద్ధతికి మారి, వైసెన్‌బర్గ్ 0.6 దగ్గర మూడు మెష్‌లతో సరిచూశారు. డ్రాగ్ గుణకం, ప్రచురిత ఫలితాల్లో ఉన్నట్లే, 118 దగ్గర నిలబడింది. 1 దగ్గరి రన్ జోలికి ఇంకా వెళ్లవద్దని చెప్పాను.