మన మెదడుకు ఎవరి మెదడు కొలబద్ద?

అల్జీమర్స్ వ్యాధిలో ముందుగా కుంచించుకుపోయే మెదడు భాగాల్లో హిప్పోకాంపస్ ఒకటి. కొత్త జ్ఞాపకాలు నిలవడానికి అదే ఆధారం. ఎంఆర్ఐ స్కాన్ చూసి అది కుంచించుకుపోయిందని చెప్పాలంటే మామూలుగా ఎంత ఉండాలో తెలియాలి కదా! ఆ ‘మామూలు’ ఎవరిది? హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ప్రొఫెసర్ జయంతి శివస్వామి బృందం భారతీయుల మెదడు అట్లాస్ (భాగాల హద్దులు, కొలతలు చూపే ప్రామాణిక పటం) తయారుచేయడం వెనుక ఈ ప్రశ్న ఉంది.

1988లో ఫ్రాన్స్‌లో తలైరాక్, తూర్నూ అనే పరిశోధకులు రూపొందించిన అట్లాస్‌కు ఆధారం ఒకే ఒక్క మెదడు. అది మరణించిన ఒక 60 ఏళ్ల మహిళది. అందులోనూ ఒక అర్ధభాగాన్నే వివరంగా గీసి, రెండోది దానికి ప్రతిబింబంలా ఉంటుందని అనుకున్నారు. నిజానికి ఎవరి మెదడులోనూ కుడి ఎడమలు అచ్చు గుద్దినట్లు ఉండవు. శస్త్రచికిత్సలో దారి చూపడానికి పుట్టిన ఆ పటమే ఏళ్ల తరబడి పరిశోధకులందరికీ కొలబద్ద అయింది.

తర్వాత కెనడాలోని మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ 305 మంది స్కాన్ల సగటుతో కొత్త నమూనా చేసింది. ఎంతో మెరుగైన పని. కానీ వారిలో 239 మంది మగవారే, ఎక్కువమంది యువకులే. ఆ సంస్థ పేరుతోనే వచ్చిన 152 మంది నమూనా నేడు మెదడు స్కాన్లను విశ్లేషించే ఎస్‌పీఎం, ఎఫ్‌ఎస్‌ఎల్ వంటి సాఫ్ట్‌వేర్లలో స్థిరపడిపోయింది.

ఇబ్బంది ఇక్కడే. కంప్యూటర్ ప్రతి కొత్త స్కాన్‌ను సాగదీసి, నొక్కి నమూనాకు సరిపెడుతుంది. ఆకారంలో తేడా పెరిగేకొద్దీ భాగాల హద్దులు తప్పే ప్రమాదమూ పెరుగుతుంది. హిప్పోకాంపస్ ఒక్కో వైపు సుమారు మూడు నాలుగు ఘన సెంటీమీటర్లే. అంత చిన్న భాగంలో హద్దు కాస్త జరిగినా లెక్క మారిపోతుంది.

2010లో 56 మందితో చైనీయుల అట్లాస్ వచ్చింది. మన అట్లాస్ వెలువడింది 2019లో. 50 మంది మగవారు, 50 మంది ఆడవారు. మూడు ఆసుపత్రుల్లోని వేర్వేరు యంత్రాలపై తీసిన స్కాన్లు. పాశ్చాత్యుల, చైనీయుల, కొరియన్ల నమూనాలతో పోలిస్తే భారతీయుల మెదడు ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణాల్లో సగటున చిన్నదని తేలింది. దీన్ని తెలివితేటలతో ముడిపెట్టడం తప్పు. సహజంగా చిన్నగా ఉన్నదాన్ని జబ్బుతో కుంచించుకుపోయినట్లు పొరబడకుండా ఉండడానికే ఈ లెక్క.

అయితే ఆ వందమందీ యువతీయువకులే. అల్జీమర్స్ ఎక్కువగా వచ్చేది 65 దాటాక. వయసుతో ప్రతి మెదడూ కొంత తగ్గుతుంది కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల నమూనాలూ కావాలి. ఆసుపత్రుల్లో పోగయ్యే స్కాన్లు చాలావరకు ఏదో బాధతో వచ్చినవారివి. ఏ జబ్బూ లేని తాతయ్యలు, అమ్మమ్మలు ఆ యంత్రంలో కాసేపు కదలకుండా పడుకోవడానికి ముందుకొస్తేనే ఆ పటం తయారవుతుంది.