రేబీస్ నరాల వెంట ఎలా వస్తుంది?

రక్తంలో తిరిగేవన్నీ మెదడులోకి పోలేవు. మెదడులోని రక్తనాళాల గోడల్లో కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. అయినా దోమకాటుతో రక్తంలో చేరే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (మెదడువాపు) వైరస్ ఆ కాపలాను దాటుకుని లోపలికి చేరుతుంది. రేబీస్ వైరస్ మాత్రం రక్తం దారిన రాదు, నరం పట్టుకుని వస్తుంది.

పిచ్చికుక్క పిక్క మీద కరిచిందనుకుందాం. లాలాజలంతో పాటు వైరస్ కండలోకి దిగుతుంది. నరం కొస కండను తాకే చోట, నరం పంపే సంకేతాన్ని కండ అందుకోవడానికి గ్రాహకాలు ఉంటాయి. వైరస్ వాటికి అంటుకుని, ఆ పక్కనే ఉన్న నరంలోకి జారుకుంటుంది. ఆ నరకణం అసలు దేహం ఉండేది వెన్నుపాములో. అక్కడి నుంచి పిక్క దాకా ఒకే కణం సన్నని పోగులా సాగి ఉంటుంది. కొస నుంచి దేహం వైపు సరుకు మోయడానికి ఆ పోగులో డైనీన్ అనే ప్రోటీన్ పనిచేస్తుంటుంది. వైరస్‌కు తనంతట తాను కదిలే శక్తి లేదు, డైనీనే దాన్ని మోసుకొస్తుంది. ఐదే ఐదు జన్యువులున్న వైరస్ మన కణంలోని ఏర్పాటును ఇంత కచ్చితంగా వాడుకోవడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

ఈ ప్రయాణం నెమ్మదిగా సాగుతుంది. లక్షణాలు కనిపించడానికి సాధారణంగా రెండు మూడు నెలలు, ఒక్కోసారి వారమే పడుతుంది. ముఖం మీద, మెడ మీద కాటు పడితే దారి దగ్గర కాబట్టి ముప్పు ఎక్కువ. దారిలో ఉన్నంతసేపూ వైరస్ నరకణం లోపలే దాగి ఉంటుంది. జ్వరం రాదు, రోగనిరోధక వ్యవస్థకూ పెద్దగా ఆనవాలు దొరకదు. మెదడుకు చేరాక అక్కడి నుంచి మళ్లీ నరాల వెంటే లాలాజల గ్రంథులకు దిగుతుంది. గొంతు కండరాలు బిగుసుకుపోయి, నీళ్లు చూస్తేనే రోగి వణికిపోయే దశ వచ్చాక బతికినవాళ్లు ప్రపంచం మొత్తం మీద బహు కొద్దిమంది.

రేబీస్ కుటుంబానికే చెందిన చండీపుర వైరస్ ఈపాటి వ్యవధి కూడా ఇవ్వదు. 1965లో మహారాష్ట్రలో గుర్తించిన ఈ వైరస్‌ను ఇసుక ఈగలు వ్యాపింపజేస్తాయి. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు సోకి 183 మంది చనిపోయారు. దానికి ఈ వైరసే కారణమని తేల్చారు. జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే ఫిట్స్, ఆపై కోమా. దీనికి ఇప్పటికీ టీకా లేదు.

రేబీస్‌కు టీకా ఉంది, సమయమూ ఉంది. ఆ సమయాన్ని పసర్లకూ, గాయం మీద కారం, సున్నం పూయడానికీ పోగొట్టుకుంటున్నాం. కారం మంటకు వైరస్ చావదు, పైగా పుండు రేగుతుంది. వైరస్ పైపొర కొవ్వుతో చేసింది, సబ్బు తగిలితే విచ్చిపోతుంది. అందుకే కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట సేపు కడగమంటారు. రక్తం వచ్చేలా కరిస్తే గాయంలోనూ, దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే వైరస్‌ను పట్టుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు, ఎక్కిస్తారు. టీకాతో మన ఒంట్లో యాంటీబాడీలు తయారవడానికి వారం పది రోజులు పడుతుంది, అందాకా వైరస్‌ను నరం ఎక్కనివ్వకుండా పట్టుకునేది ఇదే.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇంకా పల్లెల్లో ఉంది. గొర్రె మెదడు నుంచి చేసే ఆ పాత టీకాను మన దేశంలో ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు చేతికి నాలుగైదు దఫాలు వేస్తారు, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. కుక్కను పది రోజులు గమనించమని చెప్పడంలో అర్థముంది: కరిచిన నాటికే దాని లాలాజలంలో వైరస్ ఉండి ఉంటే అది ఆలోపే జబ్బుపడి చస్తుంది. కానీ ఆ పది రోజులూ సూది ఆపి ఎదురుచూడటానికి కాదు. మొదటి సూది కరిచిన రోజే పడాలి. పది రోజుల తర్వాతా కుక్క బాగానే ఉంటే, మిగతా సూదులు మానొచ్చో లేదో డాక్టరే చెబుతారు.