కంపు కొట్టని కంపోస్టు

వంటింటి తొక్కలతో ఎరువు చేద్దామని ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్ళు చాలామంది కొద్ది రోజులకే డబ్బా ఖాళీ చేసి కడిగేస్తారు. కారణం ఒక్కటే, కంపు. అది చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది, ఎందుకంటే సరిగ్గా నడిచే కంపోస్టు కంపు కొట్టదు. దాన్నుంచి తొలకరి వానకు నేల విడిచే వాసన వస్తుంది. రెండిట్లోనూ ఉన్నది జియోస్మిన్ అనే పదార్థమే. మట్టిలోనూ కంపోస్టులోనూ బతికే స్ట్రెప్టోమైసిస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తాయి.

మరి కంపు ఎక్కణ్ణుంచి వస్తుంది? గాలి ఆడకపోవడం వల్ల. కూరగాయల తొక్కల బరువులో 80 నుంచి 90 శాతం నీళ్ళే. వాటినే ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోతే మెత్తబడి, అణిగి, మధ్యలో ఉండే సందులన్నీ మూసుకుపోతాయి. ఆక్సిజన్ అందక దానితో బతికే సూక్ష్మజీవులు వెనకబడతాయి, అది అక్కర్లేనివి రాజ్యమేలుతాయి. కంపు వాటి పనే. చెత్త దిబ్బల అడుగున జరిగేదీ ఇదే. అక్కడ పుట్టే మీథేన్, వందేళ్ళ లెక్కన చూస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

అందుకే కంపోస్టు మొదలుపెట్టేవాళ్ళు ముందు సమకూర్చుకోవలసింది తొక్కలు కాదు, ఒక బస్తాడు ఎండుటాకులు. తొక్కలు ఎలాగూ రోజూ వస్తాయి. సూక్ష్మజీవులకు ఒక వంతు నైట్రోజన్‌కు 25 నుంచి 30 వంతుల కార్బన్ ఉంటే బాగా సరిపోతుంది. తడి చెత్తలో కార్బన్ అంతకంటే తక్కువ, ఎండుటాకుల్లో ఎక్కువ. కాబట్టి గుప్పెడు తొక్కలకు రెండు గుప్పెళ్ళ ఆకులు వేస్తే చాలు, తూకాలు అక్కర్లేదు. ఆకులు దొరక్కపోతే అట్టపెట్టెలు చింపి వేయొచ్చు. రంపపు పొట్టు మాత్రం కొద్దిగానే వాడాలి, దాంట్లో కార్బన్ మరీ ఎక్కువ.

పాత బకెట్టు చాలు. అడుగునా పక్కలా చిల్లులు పెట్టి, కింద ఓ జానెడు ఎండుటాకులు పరచండి. చెత్తను చిన్న ముక్కలు చేసి వేసి, ప్రతిసారీ తొక్క ఒక్కటి కూడా పైకి కనిపించకుండా ఆకులతో కప్పండి. ఈగలను ఆపేది ఈ కప్పడమే. గుప్పెడు తోట మట్టి కలిపితే సూక్ష్మజీవులు వచ్చి చేరతాయి, పొడి మందులు కొనాల్సిన పని లేదు. మాంసం, చేపలు, పాలు, నూనె పదార్థాలు వేయకండి. వారానికోసారి అడుగుదాకా కలియబెట్టండి.

ఆ తర్వాత మీ ముక్కే మీటరు. కుళ్ళిన గుడ్ల వాసన వస్తే గాలి లేదు, ఎండుటాకులు వేసి తిరగేయండి. ఘాటైన అమ్మోనియా వాసన వస్తే నైట్రోజన్ ఎక్కువైంది, దానికీ మందు ఎండుటాకులే. ఏ వాసనా లేక, ఏ మార్పూ లేక అలాగే ఉందంటే బహుశా ఎండిపోయింది. గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు కారితే తడి సరిగ్గా ఉన్నట్టు.

ఒకరోజు మూత తీస్తే లావుపాటి, బూడిద రంగు పురుగులు కుప్పగా కదులుతూ కనిపించవచ్చు. ఒళ్ళు జలదరిస్తుంది, నిజమే. కానీ చాలాసార్లు అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలు, అంటే దాని పిల్లపురుగులు. చెత్తను అతివేగంగా తింటాయి. పెరిగి ఈగలయ్యాక కూడా కుట్టవు, కరవవు. లార్వాలు మరీ ఎక్కువైతే తడి తగ్గించండి, చంపనక్కర్లేదు.

బకెట్టులో ఎరువు నెమ్మదిగా తయారవుతుంది. సుమారు ఘనమీటరు కుప్పయితే లోపలి వేడి 55 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. బకెట్టులో పుట్టిన వేడి పక్కల నుంచి పోతూనే ఉంటుంది. అందుకే నెలలు పడుతుంది. నల్లగా, పొడిపొడిగా మారి, వేసిందేదో గుర్తుపట్టలేని స్థితికి వచ్చాక కూడా మరో రెండు మూడు వారాలు వదిలేయండి. పచ్చిగా ఉన్న ఎరువు కుళ్ళడం కోసం మట్టిలోని నైట్రోజన్‌ను లాగేసుకుంటుంది, మొక్క పసుపెక్కుతుంది. పండాక మూడు వంతుల మట్టికి ఒక వంతు కలపండి.

బకెట్టులో పెద్ద కుప్పలో ఉన్నంత వేడి తగలదు కాబట్టి చెత్తలోని గింజలు చావవు. కుండీలో మీరు నాటని టమాటా మొలకలు లేస్తే ఆశ్చర్యపోకండి. బలంగా ఉన్నదాన్ని ఒకదాన్ని ఉంచి మిగతావి పీకి మళ్ళీ బకెట్టులోనే వేసేయొచ్చు.