తోటలో కెమెరాకు సొంత అడ్రస్ ఎందుకు లేదు?

కనగల్ దగ్గర బత్తాయి తోటలో మా చిన్నాయన నిరుడు రెండు కెమెరాలు పెట్టించాడు. ట్రాన్స్‌ఫార్మర్లలో రాగి తీగ ఎత్తుకుపోతున్నారని ఆయన టెన్షన్. నల్లగొండలో కూర్చుని ఫోన్‌లో తోట చూసుకునేవాడు. ఒక రోజు కెమెరా కంపెనీ యాప్ మొరాయించింది. తోటలో కరెంటుంది, నెట్టుంది, ఫోన్‌లో సిగ్నలుంది, బొమ్మ మాత్రం రాదు. ‘‘ఇరవై కిలోమీటర్లు కూడా లేని తోటను చూడ్డానికి మధ్యల ఆ కంపెనీ ఎందుకురా?’’ అన్నాడు. నెట్ పెట్టిన అబ్బాయిని అడిగితే, ‘‘పబ్లిక్ ఐపీ ఉండదన్నా, కావాలంటే నెలనెలా అదనంగా కట్టాలె’’ అన్నాడు. పబ్లిక్ ఐపీ అంటే బయటినుంచి ఎవరైనా నేరుగా చేరుకోగల ఇంటర్నెట్ అడ్రస్.

ఆ ఐపీ ఎందుకు ఉండదో తెలియాలంటే 1977 దాకా వెనక్కి పోవాలి. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ వేర్వేరు నెట్‌వర్క్‌లను కలిపే పద్ధతిని 1974లో ప్రతిపాదించారు. అందులో ఒక్కో కంప్యూటర్ అడ్రస్ ఎంత పొడుగుండాలన్న దానిపై వాదన తెగలేదు. 128 బిట్లు (బిట్ అంటే 0 లేదా 1 అనే ఒక్క అంకె) అన్నవాళ్లున్నారు, పొడుగును అవసరాన్ని బట్టి మార్చుకుందామన్నవాళ్లున్నారు. అమెరికా రక్షణ శాఖ తరఫున ఆ పని చూస్తున్న సెర్ఫ్ 1977లో 32 బిట్లకు ఖాయం చేశాడు. అంటే దాదాపు 429 కోట్ల అడ్రస్‌లు. అప్పటి ప్రపంచ జనాభా కూడా ఇంచుమించు అంతే! ప్రయోగానికి ఇది చాలనుకున్నానని ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ ప్రయోగం మాత్రం ఆగలేదు. 1983 జనవరి 1న అమెరికా రక్షణ శాఖ నెట్‌వర్క్ ఆర్పానెట్ మొత్తం ఆ పద్ధతికి మారిపోయింది.

నన్నడిగితే ఆయన్ను తప్పుపట్టలేం. అసలు తప్పు పంపకంలో జరిగింది. మొదట్లో ఒక్కో పెద్ద సంస్థకు ఏకంగా 1.67 కోట్ల అడ్రస్‌ల బ్లాకు రాసిచ్చారు. ఎంఐటీ లాంటి ఒక్క విశ్వవిద్యాలయానికే అంత దక్కింది. మన దేశంలో అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పటికే విస్తట్లో చాలా ఖాళీ అయింది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలోని చివరి ఐదు బ్లాకులు ఐదు ప్రాంతీయ సంస్థలకు పంచేశారు. మన ప్రాంతానికి పంచే ఏపీనిక్ 2019 నుంచి కొత్తగా వచ్చే సంస్థకు ఇచ్చేది గరిష్ఠంగా 512. మన జిల్లాలో ఎవరైనా ఇవాళ ఇంటర్నెట్ కంపెనీ పెడితే, ఆ 512తోనే వేల ఇళ్లకు కనెక్షన్లు ఇవ్వాలి.

ఎట్లా? ఒకే అడ్రస్‌ను చాలామంది పంచుకునే న్యాట్ అనే ఉపాయంతో. 1994లో దాన్ని ప్రతిపాదించినప్పుడు కొన్నాళ్ల సర్దుబాటుగానే చెప్పారు. పాలమూరు నుంచి బొంబాయికి మట్టి పనికి పోయినవాళ్లకు ఉత్తరం రాయాలంటే కేరాఫ్ మేస్త్రీ అని రాయడం లాంటిదే ఇది. గుంపులో యాభై మంది ఉన్నా పోస్ట్‌మ్యాన్‌కు తెలిసింది మేస్త్రీ పేరొక్కటే. లోపలివాళ్లు ఉత్తరం వేస్తే మేస్త్రీ పుస్తకంలో రాసుకుంటాడు, జవాబు రాగానే వాళ్లకు చేరుస్తాడు. ఎవరూ ఏమీ రాయకుండానే బయటినుంచి ఉత్తరం వస్తే ఎవరిదో తెలియక పక్కన పడేస్తాడు. చిన్నాయన ఫోన్ నుంచి కెమెరాకు వెళ్లే పిలుపు ఈ రెండో రకం. అందుకే కెమెరా తానే ముందుగా కంపెనీ సర్వర్‌కు కబురు పెట్టి లైను తెరిచి ఉంచుతుంది, ఫోనూ అక్కడికే పోతుంది. ఆ సర్వర్ పడుకుంటే రెండూ ఒకదాన్నొకటి వెతుక్కోలేవు.

ఇంట్లో రౌటర్ ఒక మేస్త్రీ. అడ్రస్‌లు మరీ కరువయ్యాక కంపెనీలు తమ దగ్గర ఇంకో పెద్దమేస్త్రీని పెట్టాయి. అందుకోసం 2012లో 100.64 నుంచి 100.127 దాకా అడ్రస్‌లను విడిగా కేటాయించారు. ఒక పబ్లిక్ అడ్రస్‌కు 65,536 పోర్టులు, అంటే ఏ సంభాషణ ఎవరిదో విడదీసే నంబర్లు ఉంటాయి. ఇంటికి 500 చొప్పున పంచితే 130 ఇళ్లకు ఒకటే అడ్రస్ సరిపోతుంది. పక్కింటివాడి కంప్యూటర్ పిచ్చివేషాలేస్తే ‘నువ్వు రోబోవా?’ అని వెబ్‌సైట్లు మనల్ని నిలదీసేది ఇందుకే.

ఇంటర్నెట్ మొదటి రూపకర్తలు కోరుకున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. యుద్ధంలో మధ్యలో ఏ యంత్రం పోయినా సంభాషణ తెగకూడదని, మధ్య యంత్రాలు ఏమీ గుర్తుపెట్టుకోకూడదని, జ్ఞాపకమంతా రెండు చివరల్లోనే ఉండాలని అనుకున్నారు. ఆ రూపకల్పనలో పనిచేసిన డేవిడ్ క్లార్క్ 1988లో ఆ లక్ష్యాలను వరుసగా రాస్తే, దెబ్బలు తట్టుకోవడం పైన ఉంది, ఎవరెంత వాడారన్న లెక్క అట్టడుగున ఉంది. మేస్త్రీ పుస్తకం సరిగ్గా మధ్యలో కూర్చున్న జ్ఞాపకం. కరెంటు పోయి రౌటర్ మళ్లీ లేస్తే ఆ పుస్తకం ఖాళీ.

అయితే మేస్త్రీ అడ్డుండటం వల్ల కొంత మేలూ జరిగింది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా నెట్‌లో బాహాటంగా వదిలేసిన కెమెరాలను వెతికి పట్టుకుని లక్షల్లో లోబరచుకుంది. చిన్నాయన కెమెరా పాస్‌వర్డ్ ఏమిటో నేనిక్కడ రాయను.

అసలు పరిష్కారం, 128 బిట్ల కొత్త అడ్రస్ పద్ధతి ఐపీవీ6, 1995లోనే రాతలోకి వచ్చింది. పాత ఐపీతో అది నేరుగా మాట్లాడలేదు కాబట్టి, రెండు వైపులా ఉంటేనే ఉపయోగం. చిన్నాయన ఫోన్ సిమ్‌కు ఐపీవీ6 ఉంది. తోట కనెక్షన్‌కు లేదు, రౌటర్ పేజీ తెరిస్తే అడ్రస్ 100.72తో మొదలైంది. ఐపీవీ6 ఎప్పుడిస్తావని నెట్ అబ్బాయిని అడిగాం. పైన కంపెనీని కనుక్కుని చెప్తానన్నాడు.